దుర్బీను వాపసు చేయుట గురించి

అర్జీదారు కాలం చేశాడు. ఈ సంగతి మా కార్యాలయానికి పోస్టుకార్డు ద్వారా తెలిసింది. కార్డు మీద మూడే వాక్యాలున్నాయి. "బాపు పోయిండు. సారుకు చెప్పుండ్రి. పదకొండో దినం రమ్మనుండ్రి." సంతకం లేదు. చిరునామాలో నా పేరుకు బదులు "దుర్బీను సారు" అని ఉంది. తపాలా చూసే గుమాస్తా నియమం ప్రకారం దానికి ఇన్‌వార్డు నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, ఎర్ర సిరాతో "తగు చర్య నిమిత్తం" అని రాసి నా బల్ల మీద పెట్టాడు. ఒక మనిషి మరణం మీద కార్యాలయం తీసుకోవలసిన తగు చర్య ఏమిటో మా నిబంధనల పుస్తకంలో లేదు. విషయసూచిక కూడా వెతికి చూశాను. అందుచేత ఇది రాస్తున్నాను. పాఠకులు దీన్నే తగు చర్యగా స్వీకరించాలని మనవి.

ఆయనకు పేరు లేక కాదు. ఏడు అర్జీల కింద, వేలిముద్ర పక్కన, ఆ పేరు రాసింది నేనే. కాని అప్పటి మా ఆఫీసులో అందరూ ఆయన్ను అర్జీదారు అనే పిలిచేవారు. కొంతకాలానికి ఆయన కూడా అలవాటు పడి, గడప దగ్గర నిలబడి "సారుకు చెప్పుండ్రి, అర్జీదారు వచ్చిండని" అనేవాడు.

మొదటిసారి ఆయన వచ్చింది మండలాలు కొత్తగా ఏర్పడిన రోజుల్లో. మర్రిగూడ వైపు ఒక మండలంలో, కిరాయి ఇంట్లో నడుస్తున్న కార్యాలయం అది. ఏ మండలమో చెప్పడం లేదు. చెబితే సంజాయిషీ రాయవలసింది నేను. ఆ వైపు నీళ్ళ సంగతి ఈ జిల్లా పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అవి తాగిన మనిషి ఎముకలు ఒంగిపోతాయి. ఆయన నడుము దగ్గర ఒంగి, మెడ దగ్గర బిగుసుకుపోయి, నేలను చదువుతున్నట్టు నడిచి వచ్చాడు. భుజం మీది గొంగడిని నా బల్ల మీద విప్పాడు. లోపల ఒక పాత తోలు సంచి, అందులో మూరెడు పొడవున్న ఇత్తడి గొట్టం, దూరపువి దగ్గరగా చూపే దుర్బీను. పెళ్ళివారి చెంబులా మెరుస్తోంది.

"గిది సర్కారుది సారూ. తీస్కోండ్రి."

మా అటెండరు వయసు మళ్ళిన సాయబు. నిజాం కాలపు కచేరిలో నీళ్ళు మోసే పనితో మొదలుపెట్టి, మూడు ప్రభుత్వాలకు చాయ్ అందించిన మనిషి. ఆయన సైతం చేతిలోని కప్పు కింద పెట్టాడు.

"అరె పెద్దయ్యా, గీ కచేరికి అడిగెటోళ్ళే వస్తరు. ఇచ్చెటోణ్ణి నిన్నే సూస్తున్న. నీ తబియత్ మంచిగున్నదా?"

"మంచిగుంటె నీ మొఖం సూసెటోణ్ణి సాయబూ. ఇప్పుడు నీ కాళ్ళే కనవడుతున్నయి," అన్నాడు అర్జీదారు. "చెప్పులు తెగినయి, కుట్టిచ్చుకో."

ఆ రోజు ఆయన చెప్పిన వృత్తాంతాన్ని అర్జీ రూపంలో నేనే రాశాను. సారాంశం ఇది. తెల్లదొరలు గుర్రాల మీద, ఎద్దుబండ్ల మీద నిజాం రాజ్యమంతా తిరుగుతూ, గుట్ట నుంచి గుట్టకు దూరం కొలిచి పటాలు గీసుకున్న కాలంలో, అలాంటి ఒక దొర, ఇప్పుడు అర్జీదారు ఇల్లున్న గుట్ట కింద డేరా వేశాడు. గొర్లు కాచుకుంటూ ఊరూరా తిరిగే అర్జీదారు ముత్తాత, ఆ దొరకు దారులు చూపడానికి, సామాను మోయడానికి కుదిరాడు. నెల తిరగకముందే దొరకు జ్వరం తగిలింది. డోలీలో వేసుకొని ఉత్తరానికి మోసుకుపోతుంటే, దొర ఈ దుర్బీను ముత్తాత చేతిలో పెట్టి, వాపసు వచ్చి తీసుకుంటానని, అంతదాకా అక్కడే ఉండమని, దాన్ని గుంజవద్దని, తిప్పవద్దని ఆజ్ఞాపించాడు. ముత్తాత ఉన్నాడు. తరువాత తాత ఉన్నాడు. తరువాత తండ్రి. ప్రస్తుతం అర్జీదారు ఉన్నాడు.

ఇక్కడ ఉండటం అంటే ఏమిటో వివరించాలి. గొర్ల మందలున్న కుటుంబాలు ఎండాకాలం మేత కోసం కృష్ణ ఒడ్డుకు పోతాయి. ఆ ఇంటివారు కూడా పోయేవారు, ఒక్కరు తప్ప. దొర వస్తే ఆయన దాచమన్న అమానతు అప్పజెప్పడానికి ఒక మనిషి ఇంట్లో ఉండాలి. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, జాతరకు పోయినా ఒకరు ఆగేవారు. ఎవరు ఆగాలనే దాని మీద ఆ ఇంట్లో ఎన్నడూ తగాదా రాలేదని, కొంచెం గర్వంగా చెప్పేవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు పెళ్ళి కొత్తకోటలో, పిల్లవాని ఇంటి దగ్గర జరిగింది.

"మరి నువ్వు పోలేదా పెద్దయ్యా?" అని అడిగాను.

"అందరు పోయినంక ఇంటికాడ ఎవలుండాలె సారూ?" అన్నాడు. నేను ఏదో లెక్క తప్పినట్టు నా వైపు జాలిగా చూడబోయాడు గాని, మెడ అంత పైకి లేవలేదు.

ఇప్పుడు భార్య పోయింది. అన్నదమ్ముల పిల్లలు మందలతో ఎటో స్థిరపడ్డారు. ఇంట్లో ఆయన ఒక్కడే. నీళ్ళు మారిస్తే ఉన్న ఎముకలైనా మిగులుతాయని దవాఖానలో చెప్పారు. కొత్తకోటలో నీళ్ళు మంచివి. రమ్మని కూతురు వచ్చిన ప్రతిసారీ ఏడుస్తుంది. దుర్బీను ఎవరికైనా అప్పజెబితే తప్ప ఆయన గడప దాటలేడు. కూతురి ఇంటికి తీసుకుపోయి అక్కడే ఉంచుకోవచ్చు కదా అన్నాను.

"దొర గుట్టకాడికి వస్తడు గని కొత్తకోటకు వస్తడా సారూ?"

అర్జీని పైకి పంపాము. నాలుగు నెలలకు సమాధానం వచ్చింది. సదరు వస్తువును ప్రభుత్వం ఎవరికైనా ఇచ్చినట్టు ఆధారం లేదు కనుక తిరిగి తీసుకొనుటకు వీలు లేదు. దాన్ని ఆయనకు చదివి వినిపించాను.

"అంటే దొర ఇయ్యలేదంటున్నరా?"

"ఇచ్చినట్టు కాయితం లేదంటున్నరు."

"ఇచ్చినట్టు నేనున్న గద సారూ."

దీనికి పై అధికారులు సమాధానం ఇవ్వలేదు. రెండో అర్జీ, మూడో అర్జీ అదే దారిన పోయి అదే దారిన వచ్చాయి. ఐదో అర్జీకి మాత్రం కొత్త సలహా వచ్చింది. ఇటువంటి పురాతన వస్తువులను నగరంలోని ఒక ప్రదర్శనశాల స్వీకరిస్తుందట. దరఖాస్తు ఫారం తెప్పించాను. అందులో ఒక నిబంధన ఉంది: సదరు వస్తువు నా సొంతమని, దానిపై ఇతరులకెవ్వరికీ హక్కు లేదని దాత ధ్రువీకరించాలి. అప్పటికే సిరా దిండు మీద ఒత్తిన బొటనవేలిని ఆయన అలాగే గాలిలో ఆపాడు.

"నాది గాదని ఇయ్యవోతె, నాదని రాయమంటరేంది సారూ? నా చేతిల ఉన్నది. నాది గాదు. గీ ముక్క పట్నపోళ్ళకు అర్థమైతలేదా?"

ఆ సిరాను గొంగడికి తుడుచుకున్నాడు. ఆ మరక చాలాకాలం ఉండేది. అదే సంవత్సరం పాత వస్తువులు కొనే ఒకాయన జీపులో గుట్టకాడికి వచ్చాడని, ఎంత కావాలంటే అంత అడగమన్నాడని విన్నాము. ఆ సంగతి అటెండరు అడిగితే అర్జీదారు నవ్వాడు. "ఆయిన మంచోడే సాయబూ. చాయ్ తాగిపిచ్చి తోలిన. పాపం, తొవ్వ తప్పొచ్చిండు."

ఆయన ఎన్నడూ విసుక్కోలేదు. ఇది నాకు అప్పుడు వింతగా ఉండేది. నెలకోసారి, అంగడి నాడు వచ్చేవాడు. వచ్చే ముందు పొరుగూరి నుంచి ఒక ముసలామెను పిలిచి ఇంట్లో కూర్చోబెట్టి వచ్చేవాడు. దొర ఆ పూటే వస్తే ఆమె ఆయన్ను కూర్చోబెట్టాలి. ఆఫీసులో అరుగు మీద కూర్చొని నా బల్ల కింద పడ్డ గుండుసూదులు ఏరి ఇచ్చేవాడు. "నాకు కింద వడ్డయే కనవడుతయి, ఏం జేద్దు," అనేవాడు. ఆ ఆఫీసులో నేను పనిచేసినంత కాలం గుండుసూదుల కొరత రాలేదు.

ఏడో అర్జీ మీద మండల అధికారి "స్వయముగా తనిఖీ చేసి నివేదిక సమర్పించవలెను" అని రాశారు. అది దారి చూపడం కాదని, ఫైలును ఆయన బల్ల మీద నుంచి నా బల్ల మీదికి జరపడమని నాకు తెలుసు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. ఒక పొద్దున అటెండరును తోడు తీసుకొని మొదటి బస్సుకు పోయాను.

ఊరికి దూరంగా, గుట్ట కింద, ఒంటరి ఇల్లు. మేము పోయేసరికి ఆయన వాకిట్లో నులక మంచం మీద పక్కకు ఒరిగి పడుకొని, దుర్బీనును కంటికి ఆనించుకొని ఉన్నాడు. కూర్చుంటే నేల తప్ప ఏమీ కనపడదు. పక్కకు ఒరిగితే చూపు సమంగా ఎదుటికి పోతుంది. ఈ కిటుకు ఆయన సొంతం.

"ఏం సూస్తున్నవు పెద్దయ్యా?" అన్నాడు అటెండరు.

"దొర వస్తున్నడేమోనని. దినాం పొద్దుగాల ఒకపారి సూస్తం. మా ముత్తాత నాటి నుంచి."

గుంజవద్దని, తిప్పవద్దని దొర అన్నాడు గాని చూడవద్దని అనలేదు. నిబంధనను ఇంత జాగ్రత్తగా చదివిన మనిషిని నా ఉద్యోగంలో నేను చూడలేదు. ఆ దుర్బీనుతో నాలుగు తరాలవారు చేసిన పని ఒక్కటే: దాని యజమాని వస్తున్నాడేమో చూడటం.

"మరి ఏం కనవడుతది?"

"మసక. తెల్లగ, మబ్బు లెక్క. దొర ఇంక శాన దూరం ఉన్నడు గద, గందుకు. దగ్గరికొస్తున్న కొద్దీ సాఫ్ అయితదని మా తాత చెప్పిండు."

నివేదికలో పొడవు రాయాలి. కొలుద్దామని దాన్ని ఆయన చేతిలోంచి తీసుకొని, రెండు కొసలూ పట్టుకొని టేపు మీద పెట్టబోయాను. నాలుగు తరాలు రోజూ బూడిదతో తోమి తోమి నున్నగా చేసిన ఇత్తడి. నా చేతిలో జారింది. గొట్టంలోంచి గొట్టం, దానిలోంచి ఇంకో గొట్టం, సర్రున బయటికి వచ్చాయి.

అర్జీదారు మంచం మీద నుంచి పడబోయాడు. "అయ్యో! ఇరిగిందా సారూ?"

"ఇరగలేదు పెద్దయ్యా," అన్నాడు అటెండరు, "పెరిగింది."

నేను కంటికి పెట్టుకున్నాను. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు జరిపాను. చాలా దూరాన ఒక మొండిగోడ మీద నిలబడ్డ మేక, దాని గడ్డంతో సహా, నా ఎదుటికి వచ్చింది. నాకు విషయం అర్థమైంది: గొట్టం సాగదీయనిదే అందులో మసక తప్ప ఏమీ కనపడదు. చెప్పకుండా ఉంటే బాగుండునని ఒక క్షణం అనిపించిన మాట దాచను. కాని అప్పటికే ఆయన చేయి చాపి ఉన్నాడు. అలాగే, సాగదీసినట్టే, చేతిలో పెట్టాను. ఆయన పక్కకు ఒరిగాడు.

గొట్టం కొస మెల్లగా ఎడమ నుంచి కుడికి కదిలింది. మళ్ళీ కుడి నుంచి ఎడమకు వచ్చింది.

"సాఫ్ కనవడుతున్నది సారూ."

"ఏం కనవడుతున్నది?"

"తొవ్వ. కడ దాంక కనవడుతున్నది. బస్సు వోతున్నది. ఇద్దరు ఆడోళ్ళు బిందెలెత్తుకొని వోతున్నరు." గొట్టం కొస మళ్ళీ ఒకసారి దారి వెంట పోయి వచ్చింది. "దొర లేడు."

మా అటెండరు టోపీ తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

"మా నాయిన దీంట్ల సూసుకుంటనే పానం ఇడిసిండు సారూ. ఇంక మసకనే ఉన్నది, జర ఓపిక వట్టాలె అన్నడు. గిట్ల గుంజి సూస్తె ఆయినకు గూడ తెలుస్తుండె." అంతే అన్నాడు. ఏడవలేదు. దుర్బీనును ఒకదానిలోకి ఒకటి నెట్టి, ఎలా ఉన్నదాన్ని అలా చేశాడు. రెండుసార్లు ఆగి, అచ్చం మునుపటిలాగే ఉందా అని నన్ను అడిగాడు. ఉందన్నాను. "మీ రిపోట్ల రాయుండ్రి సారూ, తొవ్వ ఖాలీగున్నదని."

రాశాను. "తనిఖీ సమయమున దారి నిర్జనముగా ఉన్నది" అనే వాక్యం ఇప్పటికీ ఆ ఫైలులో ఉంటుంది. ఎవరూ దానిమీద వివరణ కోరలేదు.

తరువాత జరిగింది క్రమశిక్షణా చర్యకు తగిన నేరం. నేరం నాది. నివేదిక కోసం తెచ్చిన వాటిలో ఇంకో కాగితం తీసి, మంచం పట్టె మీద పెట్టుకొని, రసీదు రాశాను. ఇత్తడి దుర్బీను ఒకటి, తోలు సంచితో సహా, పనిచేయు స్థితిలో, పై అర్జీదారు వద్ద నుండి ప్రభుత్వమునకు ముట్టినది. అలా రాయడానికి నాకు అధికారం లేదు. ప్రమోషన్ల జాబితాలో నా పేరు ఉన్న ఏడు అది. ఆ సంగతి కలం పట్టుకున్నాక గుర్తుకు వచ్చి కొంచెంసేపు ఆగాను కూడా. ఆ ఆగడం చూసి అటెండరు దగ్గాడు.

"సారూ, మోహరు నా సంచిల ఉన్నది."

కార్యాలయపు ముద్ర కార్యాలయం దాటి బయటికి రాకూడదు. అది ఎలా వచ్చిందని నేను అడగలేదు. ఆయన సిరా దిండు పట్టుకున్నాడు. "జర గట్టిగ కొట్టుండ్రి సారూ. సర్కారు గట్టిగున్నట్టు కనవడాలె."

అర్జీదారు రసీదును మూడుసార్లు చదివించుకున్నాడు. "పనిచేయు స్థితిలో" అన్నచోట మొదటి రెండుసార్లూ ఆపి తల ఊపాడు. మూడోసారి తానే నాకంటే ముందు అన్నాడు. మడిచి రొండిన దోపుకున్నాడు.

"దొర మనుషులెవరన్న వస్తె మీ దగ్గరికి తోలాల్నా సారూ?"

"తోలు పెద్దయ్యా."

"మీరు ఉంటరు గద?"

"ఉంట."

ఆయన మంచం మీద కాసేపు కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద, మళ్ళీ ఒడిలో పెట్టుకున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు.

"అయితే ఇగ నేను వోవచ్చునా సారూ?"

"ఎక్కడికి?"

"ఎక్కడికన్న."

పోవచ్చునని చెప్పాను. నా ఉద్యోగంలో నేను ఇచ్చిన అనుమతుల్లో నిబంధనలు చూసుకోకుండా ఇచ్చింది అదొక్కటే. ఆ ఇంటికి తాళం లేదు. ఎన్నడూ అవసరం పడలేదు. అటెండరు తన సంచి తాడు విప్పి గొళ్ళానికి కట్టాడు. అర్జీదారు మాతోనే బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చోమంటే వద్దన్నాడు, తనకు నేలే కదా కనపడేది అని. కాని బస్సు కదిలాక సీటు మీద పక్కకు ఒరిగి, నా ఒళ్ళో తల పెట్టుకొని, కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

దుర్బీను ఏ రిజిస్టరులోనూ చేరలేదు. చేర్చడానికి అదెక్కడి నుంచి వచ్చిందో రాయాలి; అక్కడే మొదటి అర్జీ కాడికి వస్తాము. బదిలీ అయిన ప్రతిచోటికీ అది నాతోనే వచ్చింది. ఈ మాట పై అధికారులు చదివితే సంజాయిషీకి సిద్ధంగా ఉన్నాను.

అర్జీదారు ఆ తరువాత కొత్తకోటలో నాలుగేళ్ళు బతికాడు. ఎముకలు తిరిగి నిటారు కాలేదు. కాని అంతకంటే ఒంగలేదు. మధ్యలో ఒకసారి పని మీద ఆ దారిన పోతూ చూద్దామని దిగాను. ఇంట్లో లేడు. కూతురు నవ్వుతూ, కోపంగా చెప్పింది.

"బాపు ఇంట్ల దొరుకుడే కష్టమైంది సారూ. ఏ ఊర్ల పెండ్లైన గావాలె, ఏ ఊర్ల జాతరైన గావాలె. పిలిస్తె వోతడు, పిలువకున్న వోతడు. వాళ్ళు మనకేమైతరే బాపూ అంటె, తిన్నంక ఏమన్న అయితరు బిడ్డా అంటడు. మొన్న కృష్ణ ఒడ్డుకు మందతోని వోయి నెల దాంక రాలే. ఇంటి మీద జర ఫికరు లేదు."

ఆయన రాక కోసం సాయంత్రం దాకా కూర్చున్నాను. రాలేదు. నిరీక్షించడం మనకు చేతకాదని గ్రహించి, నా కొత్త ఆఫీసు చిరునామా ఆమెకు రాసిచ్చి వెనక్కు వచ్చాను.

పదకొండో రోజున పోయాను. అటెండరు రాలేదు, నిరుడే ఆయన కూడా కాలం చేశాడు. అర్జీదారు ఎలా పోయాడో కూతురు చెప్పింది. పొరుగు మండలంలో ఎవరిదో పెళ్ళి. తిన్నాడు, అక్షింతలు వేశాడు, బస్సెక్కాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే అటు ఒరిగి కిటికీలోంచి చూస్తున్నాడని కండక్టరు అనుకున్నాడట. కొత్తకోటలో అందరూ దిగాక తట్టి లేపబోతే తెలిసింది. కళ్ళు తెరిచే ఉన్నాయట.

తినడం అయ్యాక ఆమె లోపలికి పోయి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరగకుండా వెనుక బట్ట అంటించి ఉంది. నా దస్తూరి. అటెండరు గట్టిగా కొట్టమన్న ముద్ర.

"గిది మీది సారూ. సారు వస్తడు, వచ్చినప్పుడు ఇచ్చెయ్యి అన్నడు."

"ఇది రసీదమ్మా. మీ దగ్గర ఉండాలె. మీరు వాపసిచ్చినట్టు సాక్ష్యం."

"నేను గూడ గదే అన్న. వద్దన్నడు బాపు. మన ఇంట్ల ఇంక ఎవలిదేది ఉండొద్దు, పిల్లలు దాన్ని కాసుకుంట కూసుంటరు అన్నడు."

తీసుకున్నాను. ఆమె ఒక్కసారి రెండు అరచేతులూ దులుపుకొంది. అప్పటికే పొద్దు వాలుతోంది. పదకొండు రోజులుగా దొడ్లోనే ఉన్న మంద అరుస్తోంది. ఆమె కొంగు బిగించి, కర్ర అందుకొని, దొడ్డి కంప తీసింది. గొర్లన్నీ ఒక్కసారిగా బయటపడి పెద్ద రోడ్డు మీదికి వచ్చాయి. ఇటు బెంగుళూరు లారీలు, అటు హైదరాబాదు లారీలు ఆగిపోయి హారన్లు మోగించాయి. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మంద తీరిగ్గా రోడ్డు దాటి, అవతలి మెట్ట చెలకల్లోకి దిగి, పల్లం వైపు సాగింది. దుమ్ములో మొదట గొర్లు, తరువాత చుక్కలు, తరువాత కదులుతున్న దుమ్ము మాత్రమే. లారీలన్నీ వెళ్ళిపోయినా నేను ఆ రోడ్డు పక్కన, నా కంటికి ఆనినంత దూరం, చూస్తూ నిలబడ్డాను.